నోరు దొరికిన నోరులేని జీవి

పశువులను మనం నోరులేని జీవాలంటాం. వాటికి నోరు లేక కాదు, తమ బాధ చెప్పుకోలేవు కనుక. కానీ నిజంగానే నోరు కనబడని జీవి ఒకటి శాస్త్రజ్ఞుల చేతుల్లో నూరేళ్ళకు పైగా ఉండిపోయింది. దాని కళ్ళు దొరికాయి, మీసాలు దొరికాయి, కాళ్ళు దొరికాయి. తినకుండా ఏ ప్రాణీ బతకదు కాబట్టి నోరు ఉండి తీరాలి. ఎక్కడ ఉండాలో కూడా అందాజుగా తెలుసు. ఉన్నదున్నట్టు చూసినవారు మాత్రం లేరు. ఆ నోటిని చూశామని 2024 జూన్‌లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అది దొరికిన చోటు మొరాకో దేశంలోని హై అట్లాస్ పర్వతాలు. దొరికింది ఒకప్పటి అగ్నిపర్వతపు బూడిదలో.

ఆ జీవి పేరు ట్రైలోబైట్. ఇది మన చదువరులలో చాలామందికి కొత్త పేరు కాకపోవచ్చు. పిల్లల సైన్సు పుస్తకాలలో డైనోసార్లకు ముందు పేజీలో, పలకమీద గీసిన పురుగులా ఒక బొమ్మ ఉంటుంది, అదే. నేను బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. రాళ్ళ శాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ వార్త చదివిన దగ్గరనుంచి వదలకుండా దాని వెంటపడ్డాను. కారణం ముందుకు పోయే కొద్దీ మీకే తెలుస్తుంది.

రొయ్యకూ పీతకూ తేలుకూ జెర్రికీ దూరపు చుట్టం ఈ ట్రైలోబైట్. ఒళ్ళంతా కణుపులు కణుపులుగా ఉంటుంది. వీపు మీద గట్టి పెంకు. ఆ పెంకు మీద తలనుంచి తోక దాకా రెండు గాళ్ళు పడి, ఒళ్ళు నిలువునా మూడు పాయలుగా కనిపిస్తుంది. మూడు పాయలది కాబట్టే ట్రైలోబైట్ అన్నారు. తల, నడుము, తోక అనే మూడు భాగాల వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు రాస్తుంటారు, అది సరి కాదు. భయం వేస్తే వర్షాకాలంలో మన పెరట్లో తిరిగే రోకలిబండలాగా చుట్టచుట్టుకునేది. చాలా జాతులు చింతపిక్కంత నుంచి అరచేయంత వరకు ఉంటాయి. కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున దొరికిన ఒకటి మాత్రం 70 సెంటీమీటర్లు దాటింది.

ఒడిశాలో ఉంటున్న మన పాఠకులకు ఇంకో పోలిక చెప్పాలి. బాలాసోరు వైపు సముద్రపు ఒడ్డున గుర్రపు డెక్క ఆకారంలో, పొడవాటి ముల్లులాంటి తోకతో ఒక పీత కనిపిస్తుంది. పేరుకు పీతే కానీ అసలు పీత కాదు, సాలీడుకూ తేలుకూ దగ్గరిది. ఆ జీవి గుడ్డులోంచి వచ్చిన కొత్తలో చూడడానికి ట్రైలోబైట్‌లా ఉంటుందని, ఆ దశలోని పిల్లకు శాస్త్రజ్ఞులు ట్రైలోబైట్ లార్వా అనే పేరు పెట్టారు. వంశం వేరు, పోలిక మాత్రం అంతటిది.

ఇవి సుమారు 52 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రాలలో కనిపించాయి, 25 కోట్ల ఏళ్ళ క్రితం పూర్తిగా అంతరించాయి. ఈ కోట్లు మన బుర్రకు ఎక్కవు. నా అలవాటు ప్రకారం నేను నోట్లలోకి మార్చుకుని చూశాను. ఏడాదికి ఒక రూపాయి అనుకోండి. మనిషి రాత నేర్చిన నాటినుంచి నేటి దాకా మొత్తం చరిత్ర సుమారు అయిదు వేల రూపాయలు, అంటే పది అయిదువందల నోట్లు. ఒక కట్టకు వంద నోట్లు. ఇప్పుడు మొరాకోలో దొరికిన ట్రైలోబైట్ల దగ్గరికి వెళ్ళాలంటే అలాంటి కట్టలు పది వేలకు పైగా లెక్కపెట్టాలి. మన రాజులూ రాజ్యాలూ అన్నీ కలిపి మొదటి కట్టలో పదో వంతు. డైనోసార్లన్నీ ట్రైలోబైట్లు పోయిన తర్వాతి ఖాతాదారులే.

ఇన్ని కోట్ల ఏళ్ళు బతికి 20,000కు పైగా జాతులుగా పేరు నమోదు చేయించుకున్న జీవికి నోరు కనబడకపోవడం ఏమిటి? దానికి కారణం పెంకు. ట్రైలోబైట్ వీపు పెంకు సున్నపురాతి పదార్థంతో గట్టిపడినది. చచ్చినా పాడవదు, బురదలో పడి రాయిగా నిలుస్తుంది. పైగా పాము కుబుసం విడిచినట్లు ఇది పెరిగేకొద్దీ పెంకు విడిచేది. ఒక్కొక్క జీవి బతుకంతా ఎన్ని పెంకులు వదిలిపోయిందో! మ్యూజియంలలో మనం చూసేవాటిలో చాలావరకు ఈ విడిచిన అంగీలే. అడుగుభాగం సంగతి వేరు. కాళ్ళు, మొప్పలు, నోటి చుట్టూ ఉన్న మెత్తటి అవయవాలు ఒకటి రెండు రోజుల్లో కుళ్ళిపోతాయి, లేదా మరో జీవి తినేస్తుంది. అందుకే వేల జాతుల వీపు మనకు తెలుసు. కడుపు వైపు తెలిసినవి పదుల సంఖ్యలోనే.

ఆ పదుల సంఖ్య కూడా ఊరికే రాలేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో చార్లెస్ వాల్కాట్ అనే పడుచువాడు ఉండేవాడు. పెద్ద చదువు లేదు, డిగ్రీ లేదు, పొలం పనిలో ఉంటూ చుట్టుపక్కల రాళ్ళు పగలగొట్టి ట్రైలోబైట్లు పోగుచేసేవాడు. 1873లో తన సేకరణను హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగస్సీకి అమ్మాడు. అసలు ఈ జీవికి కాళ్ళున్నాయా అన్నదే అప్పటికి తేలని ప్రశ్న. వాల్కాట్ చుట్టచుట్టుకున్న ట్రైలోబైట్లను తీసుకుని, అరటికాయ చక్రాలు తరిగినట్టు వందల కొద్దీ పలుచటి బిళ్ళలుగా కోసి, ఆ బిళ్ళలలో కనబడే చుక్కలనూ గీతలనూ కలుపుకుంటూ కాళ్ళున్నాయని చూపించాడు. ఆ డిగ్రీ లేని మనిషే తర్వాత అమెరికా భూగర్భ సర్వే అధిపతి అయ్యాడు, స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శి అయ్యాడు. 1909లో కెనడా పర్వతాలలో బర్జెస్ షేల్ అనే ప్రసిద్ధమైన శిలాజాల గనిని కనుగొన్నదీ ఆయనే. ఈలోగా 1893లో చార్లెస్ బీచర్ అనే మరొకాయన మీసాలూ కాళ్ళూ పైరైట్‌గా మారిపోయిన ట్రైలోబైట్లను వర్ణించాడు. పైరైట్ అంటే బంగారంలా మిలమిల మెరిసే ఇనుప ఖనిజం. మా శాఖలో బంగారం తాకట్టుకు వచ్చే అప్రైజరు గారికి ఈ సంగతి చెబితే, “మెరిసేదంతా గీటురాయి మీద గీసి చూడాలండీ” అన్నారు.

అయితే వీటిలో చాలావాటికి ఒక లోపం ఉంది. పైన పేరుకున్న బురద బరువుకి అప్పడంలా అణిగిపోయాయి. పుస్తకంలో పెట్టి మరిచిపోయిన పువ్వు రేకులు లెక్కపెట్టవచ్చు గానీ, దాని గుండ్రదనం తిరిగి రాదు. నోటిలాంటి చిన్న సందు, దానిమీది మెత్తటి తోలు, ఆ ఒత్తిడిలో నిలవవు.

ఇక మొరాకో సంగతి. 50 కోట్ల ఏళ్ళకు పూర్వం ఇప్పటి అట్లాస్ పర్వతాలున్న చోట లోతులేని సముద్రం ఉండేది. పక్కనే అగ్నిపర్వతం. అది ఒకనాడు పేలింది. లావా మెల్లగా పారడం ఒక ఎత్తు, వేడివాయువులూ బూడిదా కలిసి వరదలా నేలబారున దూసుకురావడం మరో ఎత్తు. వచ్చింది ఈ రెండో రకం. ఆ వరద సముద్రంలోకి దిగింది. నీళ్ళు తగలగానే వేడి చల్లారింది, బూడిద మాత్రం అడుగున తిరుగుతున్న జీవుల మీద పడి వాటిని ఎక్కడివక్కడ కప్పేసింది. పారిపోవడానికి సందు లేదు, కుళ్ళడానికి వ్యవధి లేదు. పిండిలాంటి సన్నటి బూడిద ప్రతి కాలి చుట్టూ, ప్రతి నూగు చుట్టూ సర్దుకుని త్వరగా గట్టిపడింది. లోపలి ఒళ్ళు తర్వాత తీరిగ్గా పోయింది. దాని ఆకారం మాత్రం రాతిలో బోలుగా మిగిలింది, విగ్రహం పోతపోసేవారి మూసలాగా.

ఇటలీలోని పాంపే నగరం కథ మీకు తెలిసే ఉంటుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి ఊరు ఊరంతా బూడిదలో పూడిపోయింది. తవ్వకాలలో అక్కడక్కడా ఖాళీ బోలులు తగులుతుంటే, 1863లో జుసెప్పె ఫియొరెల్లి అనే పురావస్తు అధికారి వాటిలో ప్లాస్టరు పోయించాడు. అది ఆరాక పైన రాయి తొలగిస్తే మనుషులు బయటపడ్డారు, పడుకున్నవారు పడుకున్నట్టే. మొరాకో ట్రైలోబైట్లను కూడా పరిశోధకులు పాంపేతో పోల్చారు. వీటిలో ప్లాస్టరు పోయలేదు, అంతే. ఆసుపత్రిలో మనకు తీసే సి.టి. స్కాన్ వంటిదే, ఇంకా సూక్ష్మమైనది, రాతి ముక్కకు తీశారు. అన్ని వైపులనుంచి తీసిన ఎక్స్‌రే చిత్రాలను కంప్యూటరులో పేర్చి, రాయిని పగలగొట్టకుండానే బోలును జీవిగా నిలబెట్టారు. వాల్కాట్ రంపంతో కోసి చేసిన పనే ఇది, కోత లేకుండా.

ఈ పనికి నాయకత్వం వహించినది ఫ్రాన్సులోని పొయిటియర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే అబ్దెర్‌రజాక్ ఎల్ అల్బానీ. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంనుంచి గ్రెగ్ ఎడ్జ్‌కోంబ్, ఆస్ట్రేలియానుంచి జాన్ ప్యాటర్సన్ వంటివారు ఆ బృందంలో ఉన్నారు.

ఏం చూశారు? ట్రైలోబైట్ తల అడుగున హైపోస్టోమ్ అని ఒక గట్టి పలక ఉంటుంది. ఇది పాత శిలాజాలలో దొరుకుతూనే ఉండేది. ఇప్పటి రొయ్యలకూ మిడతలకూ సాలీళ్ళకూ నోటిమీద లేబ్రమ్ అని ఒక పై పెదవి ఉంటుంది. ట్రైలోబైట్ గట్టి పలకే ఆ పై పెదవా, లేక పెదవి వేరేగా ఉండి పలకకు అంటుకుని ఉండేదా అని దశాబ్దాలుగా వాదం. ఇరుపక్షాలకూ సాక్ష్యం లేదు, ఎందుకంటే మెత్తటి పెదవి ఎవరికీ దొరకలేదు. మా భాషలో చెప్పాలంటే వోచరు దొరకని ఎంట్రీ, ఎటూ తేలక సస్పెన్స్ ఖాతాలో ఉండిపోయింది. మొరాకో బూడిద ఆ వోచరు తెచ్చి ఇచ్చింది. పలకకు ఆనుకుని కండగల పెదవి స్పష్టంగా ఉంది. దాని చాటున సన్నటి చీలికలాంటి నోరు.

నోటి పక్కనున్న కాళ్ళ మొదళ్ళు చెంచాలలా వంగి ఉన్నాయి. మరీ చిన్నవి కావడంతో ఇంతకాలం ఎవరి కంటా పడలేదు. మీసాల వెనుక తలకు మూడు జతల కాళ్ళుంటాయని చాలాకాలంగా పుస్తకాలలో ఉండేది, ఇక్కడ దొరికిన రెండు జాతులలోనూ నాలుగు జతలు లెక్కకు వచ్చాయి. ఒక జత ఎక్కువైతే ఏమిటని అనుకోకండి. ఏ తెగ ఏ తెగకు దగ్గరో తేల్చేది తలలోని కణుపులను ఒకదానికొకటి సరిపోల్చి చూసే. బ్యాలెన్సులో ఒక్క అంకె తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా శాఖలో కూర్చున్నవారికి దాని విలువ చెప్పనక్కరలేదు.

ఈ జీవి భోజనం చేసే తీరు మరీ విచిత్రం. మనకు తిండి ముందునుంచి వస్తుంది. దానికి వెనకనుంచి. ఎడమ కాళ్ళ వరుసకూ కుడి కాళ్ళ వరుసకూ మధ్య ఒక కాలువలాంటి దారి ఉంటుంది. కాళ్ళ మొదళ్ళలోని ముళ్ళు ఆహారాన్ని పట్టి, నలిపి, ఒకదాన్నుంచి మరొకదానికి అందిస్తూ తలవైపు తీసుకుపోతాయి. పెళ్ళిళ్ళలో వంటశాల నుంచి పంక్తి దాకా చేతులు మార్చుకుంటూ గంగాళాలు అందించినట్లు. చివర ఆ చెంచా కాళ్ళు, ఆపైన నోరు.

ఈ వివరాలన్నీ చదివాక మన దేశంలో ట్రైలోబైట్లు లేవా అనే ప్రశ్న రావడం సహజం. ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితిలో పరాహియో లోయ వీటికి పేరుపొందినది. భూగర్భ సర్వేకు చెందిన హెచ్.హెచ్. హేడెన్ అక్కడ సేకరించినవాటిని ఎఫ్.ఆర్.సి. రీడ్ 1910లో వర్ణించారు. కాశ్మీరువి 1934లో వచ్చాయి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఉప్పు కొండలలో 1899లో కార్ల్ రెడ్లిక్ వర్ణించిన జాతికి ఆయన పేరుతోనే రెడ్లికియా అని నామకరణం జరిగింది. స్పితి, జన్‌స్కార్ లోయల ట్రైలోబైట్లను కొత్తగా పరిశీలించి 2009లో పెద్ద గ్రంథం వెలువరించినవారిలో నైజెల్ హ్యూజ్ ఒకరు. ఆయన పిల్లల కోసం శిలాజాల మీద ఒక కథాపుస్తకం కూడా రాశారు, అదీ బెంగాలీ భాషలో! అది చదివినప్పుడు నాకు కొంచెం అసూయ కలిగిందని చెప్పక తప్పదు.

మరి మన కడప బండ మాట ఏమిటని అడిగేవారుంటారు. బెంగుళూరు నుంచి మద్రాసు దాకా మన వంటింటి గట్లన్నీ ఒకప్పుడు అవే కదా. వాటిలో వెదికి ప్రయోజనం లేదు. కడప ప్రాంతపు రాళ్ళు ట్రైలోబైట్లకంటే చాలా పాతవి. వేంపల్లె దగ్గరి రాళ్ళలో పొరలు పొరలుగా కనిపించే ఆకారాలు సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటి సూక్ష్మజీవులు కట్టినవి. అప్పటికి కాళ్ళూ లేవు, కళ్ళూ లేవు.

స్పితి పేరు ఎత్తాక ఒక చేదు విషయం కూడా రాయాలి. 1989 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. చండీగఢ్‌లో పనిచేస్తున్న ఒక ఆచార్యుడు హిమాలయాలలో దొరికాయంటూ పాతికేళ్ళుగా వందల వ్యాసాలలో చూపిస్తున్న శిలాజాలు హిమాలయాలవి కావని ఆయన ఆరోపణ. వాటిలో కొన్ని సుడిగవ్వల్లాంటి శిలాజాలు ఎక్కడివనుకున్నారు? సరిగ్గా ఈ మొరాకోవి. అక్కడి ఎర్ఫూద్ ప్రాంతంనుంచి వచ్చి ప్యారిస్ దుకాణాలలో పర్యాటకులకు అమ్మే సరుకుతో అవి అచ్చుగుద్దినట్లు సరిపోయాయి. తర్వాత విచారణ జరిగింది, తప్పు జరిగిందని తేలింది, అయినా ఆ ఆచార్యుడు పదవీ విరమణ దాకా కొలువులోనే ఉన్నారు. ఆయనతో కలిసి పేరు వేసుకున్న అమాయక సహరచయితలు ఎందరో. వారు ఆ శిలాజాలు దొరికాయన్న చోటికి వెళ్ళినవారు కారు, పంపిన రాయిని చూసి నమ్మారు. హిమాలయ శిలాజ చరిత్రలో ఏది నిజం ఏది కాదు అని ఏరుకోవడానికి తర్వాతివారికి ఏళ్ళు పట్టింది. స్పితికి మళ్ళీ స్వయంగా వెళ్ళి పొరపొరా కొలుచుకుని రాసిన పుస్తకాలకు అందుకే అంత విలువ.

శిలాజానికి అందం ఎంత ఉన్నా ఆధారం దాని చిరునామా. ఏ కొండ, ఏ పొర, ఆ పొర కింద ఏముంది, పైన ఏముంది. చిరునామా పోతే అది షోకేసులో పెట్టుకునే రాయి. మొరాకోలో ట్రైలోబైట్ల వ్యాపారం పెద్దది. కష్టపడి తవ్వి, సూదులతో రాయి తొలచి నిజమైనవి అమ్మే పనివాళ్ళు అక్కడ ఎందరో ఉన్నారు, వారి నేర్పు శాస్త్రజ్ఞులకూ ఉపయోగపడింది. వారి పక్కనే రెజిన్‌తో అచ్చుపోసి రంగు వేసినవీ, ఒకదాని తలను మరొకదాని తోకకు అతికినవీ అమ్ముడవుతాయి.

రెండేళ్ళ క్రితం మా బళ్ళారిలో జరిగిన ఒక ఎగ్జిబిషన్‌లో మా అన్నయ్య మనవడు అలాంటిది ఒకటి చూసి కొనిపెట్టమని పట్టుబట్టాడు. ప్లాస్టిక్ డబ్బాలో దూది మీద పెట్టి 1,200 రూపాయలు చెప్పారు. భూతద్దం పెట్టి చూస్తే ఉపరితలం మీద సూదిమొన అంత గుంటలు, అచ్చుపోతలో గాలిబుడగలు పగిలితే పడేవి. పక్క డబ్బాలో ఉన్నది కూడా సరిగ్గా అక్కడే వంగి, అక్కడే విరిగి ఉంది. రెండు జీవులు ఒకే చోట విరగవు. “బాబాయి తాతా, అయితే ఇది దొంగనోటా?” అన్నాడు వాడు. అవునన్నాను. దుకాణంవాడు మాత్రం, “దొంగనోటైతే చెల్లదు సార్, ఇది రోజుకు పది చెల్లుతున్నాయి” అని నవ్వాడు.

అసలైనదాన్ని గుర్తుపట్టడానికి ఒక చిన్న కిటుకు ఉంది. రాతిలో పగులు ఉంటే అది శిలాజంలోనుంచి కూడా సాగిపోవాలి. రాయి పగిలి, దానిమీది జీవి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించాలి. కళ్ళున్న జాతులలో భూతద్దం కింద చిన్న చిన్న కటకాల గళ్ళు కనబడాలి, నున్నటి బుడిపె చాలదు.

బూడిద పొరల విషయానికి వస్తే, ఇంతకాలం శిలాజాల కోసం తిరిగేవారు వాటిని పెద్దగా పట్టించుకునేవారు కారు. నిప్పులు చెరిగిన చోట మెత్తటి ఒళ్ళు ఏం మిగులుతుందని. సముద్రంలో పడిన బూడిద సంగతి వేరని ఇప్పుడు తేలింది కాబట్టి, అలాంటి పొరలున్న చోట్లన్నీ మళ్ళీ చూడవలసినవేనని ఎల్ అల్బానీ బృందం రాసింది. ప్రపంచంలో ప్రాచీన సముద్రాల ఒడ్డున అగ్నిపర్వతాలు ఒకటి రెండు కావు.

మరో చిన్న వివరం చెప్పకుండా ఉండలేను. ఆ మొరాకో ట్రైలోబైట్ల పెంకు మీద మరీ చిన్న చిప్పల జీవులు కొన్ని, బ్రాకియోపాడ్లంటారు, కండకాడలతో అంటుకుని ఉన్నాయి. సవారీ చేస్తున్నాయన్నమాట. పెంకు సరే, ఆ కాడ కూడా నిలిచింది. తామరతూడు కంటే సుకుమారమైన ఆ కాడను పట్టుకుని, మోసేవాడి వీపు వదలకుండా, ఆనాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.